"కాలం కలిసిరాలేదు" అంటే ఎవరికి? ఫ్యానీ బ్యాండ్ కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక తప్పు దిద్దుకుని మొదలుపెట్టాలి. తప్పు నాదే.

కొన్ని వారాల క్రితం రాక్ మ్యూజిక్ గురించి మాట్లాడుతూ, "అమ్మాయిలే గిటార్లు, డ్రమ్స్ అన్నీ వాయించిన మొదటి రాక్ బ్యాండ్ ది రనవేస్, 1975లో మొదలైంది" అని చాలా ధీమాగా చెప్పేశాను. ఎడిటింగ్‌లో ఇంకో రెండుసార్లు విన్నాను కూడా. ఎక్కడా అనుమానం రాలేదు. ఎందుకంటే 2010లో ఆ బ్యాండ్ మీద వచ్చిన సినిమా చూశాను, మన ట్వైలైట్ క్రిస్టెన్ స్టీవార్ట్ ఉంది కదా, ఆవిడ నటించింది. సినిమా చూసేస్తే చరిత్ర చదివేసినట్టే అనుకునే జబ్బు నాకూ ఉంది, ఏం చేస్తాం. ఎపిసోడ్ వెళ్ళిన మర్నాడు ఒక ప్రేక్షకురాలు మెసేజ్ పెట్టారు. ఒకటే లైను: "ఫ్యానీ గురించి ఎప్పుడూ వినలేదా మీరు?" దాని కింద ఒక డాక్యుమెంటరీ పేరు.

వినలేదు. నిజంగానే వినలేదు. ఇక్కడ నాకు ఇంకొంచెం సిగ్గేసింది, ఎందుకో చెప్తాను. నేను ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు కాలేజీ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించేదాన్ని. ఫెస్ట్ రోజున గిటార్ బ్యాగ్ భుజాన వేసుకుని స్టేజీ ఎక్కితే, సౌండ్ సిస్టమ్ చూసుకునే అన్న నన్ను చూసి, "అమ్మా, సింగర్ మైక్ అటు పక్కనుంది" అన్నాడు. పాపం మంచివాడే. అమ్మాయి స్టేజీ ఎక్కిందంటే పాడటానికే అని అతని లెక్క. అలాంటి అనుభవం ఉన్న నేనే, నాకంటే ముందు ఈ పని చేసినవాళ్ళ పేరు తెలియకుండా పదేళ్ళు గడిపేశాను.

సరే, డాక్యుమెంటరీ పేరు 'ఫ్యానీ: ద రైట్ టు రాక్'. తీసింది బాబీ జో హార్ట్. 2021లో టొరంటోలో జరిగే హాట్ డాక్స్ ఫెస్టివల్‌లో మొదటిసారి చూపించారు, 2023 మేలో అమెరికాలో పీబీఎస్ టీవీలో వచ్చింది. నేను రెండుసార్లు చూశాను. సినిమా కథంతా ఇక్కడ చెప్పను, మీరే చూడండి. సినిమా వెనక ఉన్న చరిత్ర చెప్తాను, ఎందుకంటే అసలు విషయం అక్కడుంది.

కథ మనీలాలో మొదలవుతుంది. ఫిలిప్పీన్స్. జూన్ మిల్లింగ్టన్, జీన్ మిల్లింగ్టన్ అని అక్కాచెల్లెళ్ళు. జూన్ 1948లో పుట్టింది, జీన్ ఆ మరుసటేడాది. అమ్మ ఫిలిప్పీనో, నాన్న అమెరికా నేవీ ఆఫీసర్. ఫిలిప్పీన్స్‌ని అమెరికా 1898 నుంచి 1946 వరకూ పాలించింది కదా, వాళ్ళు వెళ్ళిపోయినా వాళ్ళ పాటలు మాత్రం రేడియోలో ఉండిపోయాయి. ఈ పిల్లలిద్దరూ ఆ పాటలు విని యూకలేలీ మీద వాయించుకునేవాళ్ళు. 1961లో కుటుంబమంతా కాలిఫోర్నియాలోని శాక్రమెంటోకి మారిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ కాలిఫోర్నియా ఎలాంటిదో తెలియాలి. తెల్లవాళ్ళు వేరే జాతివాళ్ళని పెళ్ళి చేసుకోకూడదని అక్కడ చట్టం ఉండేది. 1933లో ఆ చట్టంలోకి ఫిలిప్పీన్స్ వాళ్ళని కూడా ప్రత్యేకంగా చేర్చారు. 'మలయ్ జాతి' అని రాసి మరీ చేర్చారు. ఆ చట్టాన్ని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కొట్టేసింది 1948లో. అంటే జూన్ పుట్టిన ఏడాదే. దేశం మొత్తం మీద చూస్తే, 1967లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా ఇంకా 16 రాష్ట్రాల్లో ఇలాంటి చట్టాలు నడుస్తూనే ఉన్నాయి. అంటే ఈ ఇద్దరమ్మాయిల అమ్మానాన్నల పెళ్ళే చట్టవిరుద్ధం అని చెప్పే ఊళ్ళు, వీళ్ళు స్కూలుకి వెళ్తున్న రోజుల్లోనే, అదే దేశంలో ఉన్నాయి. కొత్త స్కూల్లో ఎవరితో మాట్లాడాలో తెలియదు. రూపం వేరు, యాస వేరు. అప్పుడు వాళ్ళకి దొరికిన దారి పాట. పాడితే పక్కన కూర్చోనిచ్చేవాళ్ళు.

హైస్కూల్లో ఉండగానే 'ది స్వెల్ట్స్' అని బ్యాండ్ పెట్టారు. జూన్ గిటార్, జీన్ బేస్. డ్రమ్స్ మీద కొన్నాళ్ళు బ్రీ అనే అమ్మాయి, ఆమెది కూడా ఫిలిప్పీనో కుటుంబమే. తర్వాత ఆలిస్ డి బ్యూర్ వచ్చింది, అయోవా రాష్ట్రంలోని మేసన్ సిటీ నుంచి, టీనేజ్‌లోనే ఇల్లు వదిలి. ఎయిర్‌ఫోర్స్ బేస్‌లలో, కాలేజీ పార్టీల్లో వాయించారు. అక్కడ రాత్రి నాలుగైదు గంటలు డాన్స్ పాటలు వాయించాలి. తప్పు వాయిస్తే జనం డాన్స్ ఆపేస్తారు, అంతకంటే కఠినమైన ఎగ్జామ్ ఉండదు. 1969లో లాస్ ఏంజెలెస్ వెళ్ళారు. ట్రూబడోర్ అనే క్లబ్‌లో ఓపెన్ మైక్ రోజున వాయిస్తుంటే, రిచర్డ్ పెర్రీ అనే ప్రొడ్యూసర్ దగ్గర పనిచేసే సెక్రటరీ విని ఆయనకి చెప్పింది. చూడండి, కంపెనీకి ఈ బ్యాండ్‌ని పట్టుకొచ్చింది కూడా ఒక అమ్మాయే. ఆమె పేరు మాత్రం పోస్టర్ల మీద ఉండదు.

రీప్రైజ్ రికార్డ్స్ వీళ్ళతో కాంట్రాక్ట్ రాసుకుంది. చిన్న కంపెనీ కాదు. ఫ్రాంక్ సినాట్రా పెట్టిన లేబుల్, తర్వాత వార్నర్ చేతికి వెళ్ళింది. జిమీ హెండ్రిక్స్, నీల్ యంగ్, జోనీ మిచెల్ రికార్డులు అమెరికాలో వచ్చింది అక్కడే. కీబోర్డ్ మీద నికీ బార్‌క్లే చేరింది. కానీ అదే సమయంలో బ్రీని పక్కకి తప్పించారు. ఫోర్ మెంబర్స్ బ్యాండ్ కావాలి, నలుగురూ ఏదో ఒక వాయిద్యం పట్టుకోవాలి, బీటిల్స్ లాగా, అదీ పెర్రీ ఆలోచన. అప్పటికే బ్రీకి ఒక పాప. ఈ భాగం సినిమాలో చూస్తుంటే గుండె కలుక్కుమంటుంది. యాభై ఏళ్ళ తర్వాత కూడా ఆ మాట వచ్చినప్పుడు ఆమె ముఖం చూడండి.

పేరు సంగతి కూడా చెప్పాలి. ఫ్యానీ అంటే ఆడపిల్లల పేరు. అమెరికా వాడుక మాటల్లో పిరుదులు అని కూడా అర్థం ఉంది. బ్రిటన్‌లో అయితే ఇంకా ముందుకెళ్ళి, టీవీలో అనకూడని అర్థం. కంపెనీ వాళ్ళు ఏం చేశారు? 'గెట్ బిహైండ్ ఫ్యానీ' అని స్టిక్కర్లు వేసి పంచారు. అంటే మ్యూజిక్ గురించి ఒక్క ముక్క చెప్పకముందే డబుల్ మీనింగ్ రెడీ. నలుగురు అమ్మాయిలు పదేళ్ళ సాధన వెంటబెట్టుకుని వస్తే, వాళ్ళకి దొరికిన మొదటి విజిటింగ్ కార్డ్ అది.

1970 చివర్లో మొదటి ఆల్బమ్. 1971లో రెండోది, 'ఛారిటీ బాల్'. దాని టైటిల్ సాంగ్ బిల్‌బోర్డ్ హాట్ 100లో 40వ స్థానం దాకా వెళ్ళింది. 1972లో మూడోది 'ఫ్యానీ హిల్', లండన్‌లో బీటిల్స్ సొంత యాపిల్ స్టూడియోలో రికార్డ్ చేశారు. 1973లో టాడ్ రండ్‌గ్రెన్ ప్రొడ్యూస్ చేసిన 'మదర్స్ ప్రైడ్'. మధ్యలో జెత్రో టల్, హంబుల్ పై, స్లేడ్ లాంటి బ్యాండ్లకి ముందు ఓపెనింగ్ ఇస్తూ టూర్లు. బార్బ్రా స్ట్రైసాండ్ ఆల్బమ్‌కి స్టూడియోలో వాయించారు. పని లేదు అనలేం, ఛాన్స్ రాలేదు అనలేం.

మరి ప్రాబ్లెమ్ ఎక్కడ? ఇది వినండి, నాకు ఈ కథలో బాగా నచ్చిందీ, బాగా కోపం తెప్పించిందీ ఇదే. వీళ్ళని ఎవరూ తిట్టలేదండీ. పొగిడారు. "అమ్మాయిలై ఉండి కూడా ఎంత బాగా వాయించారో!" అని పొగిడారు. ఆ "అయి ఉండి కూడా" ఉంది చూశారూ, అది పైకి పూలదండ, లోపల ఉరితాడు. ప్రతి ఊళ్ళో షో మొదలవగానే చేతులు కట్టుకుని నిలబడే మగవాళ్ళు. మొదటి రెండు పాటలు వాళ్ళకి పరీక్ష. మూడో పాటకి అరుపులు. మర్నాడు ఇంకో ఊరు, మళ్ళీ మొదటి నుంచి పరీక్ష. మగవాళ్ళ బ్యాండ్ ఒకసారి పాసైతే చాలు. వీళ్ళకి ప్రతి రాత్రీ సప్లిమెంటరీ.

మీకు నా మాట మీద నమ్మకం లేకపోతే ఒక పని చేయండి. జర్మన్ టీవీలో బీట్ క్లబ్ అనే ప్రోగ్రామ్ వచ్చేది. అందులో 1971లో వీళ్ళు వాయించిన క్లిప్పులు యూట్యూబ్‌లో ఉన్నాయి. 'ఎయింట్ దట్ పెక్యూలియర్' అని వెతకండి, అసలు మార్విన్ గే పాట అది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఫోన్ స్పీకర్లో బేస్ వినపడదు. ముందు కళ్ళు మూసుకుని వినండి. జూన్ స్లైడ్ గిటార్ వాయిస్తుంది, అంటే వేలికి గాజు గొట్టమో లోహపు గొట్టమో తొడుక్కుని తీగల మీద జార్చడం, స్వరం జారుతూ ఏడ్చినట్టు ఉంటుంది. కింద జీన్ బేస్ ఎక్కడా తూలదు. తర్వాత కళ్ళు తెరవండి. నేను ఆ క్లిప్ మొదటిసారి చూసినప్పుడు జీన్ ఎడమ చెయ్యే చూస్తూ ఉండిపోయాను. నేను ఎంత మిస్సయ్యానో అక్కడ తెలిసింది. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు ఎవరైనా ఇది చూపించి ఉంటే, సౌండ్ అన్నకి నేను అంత చిన్న గొంతుతో జవాబు చెప్పేదాన్ని కాదు.

ఇక బయటికి చెప్పనివి. జూన్, ఆలిస్ ఇద్దరూ లెస్బియన్లు. ఇంట్లో, బ్యాండ్‌లో అందరికీ తెలుసు. పబ్లిసిటీలో మాత్రం ఆ మాట లేదు, ఉండే వీలూ లేదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగ సంపర్కాన్ని మానసిక రోగాల జాబితాలోంచి తీసేసింది 1973 డిసెంబర్‌లో. అప్పటిదాకా అది డాక్టర్ల పుస్తకంలో రోగం. వాళ్ళు ఫిలిప్పీనో అమ్మాయిలు అనే విషయానికీ దాదాపు అదే గతి. రాక్ బ్యాండ్‌లో అమ్మాయిలు అన్నదే అమ్మడానికి కష్టమైన సరుకు, దాని మీద ఇంకో రెండు సంగతులు ఎందుకు అని ఊరుకున్నారు. అంటే స్టేజీ మీద లైట్ల మధ్య నిలబడి, తమలో సగాన్ని చీకట్లో పెట్టుకుని వాయించారు. ఆ డాక్యుమెంటరీ చేసిన పెద్ద మేలు ఏమిటంటే, ఈ మూడు సంగతుల్నీ విడదీయకుండా ఒకే చోట పెట్టడం.

నాలుగో ఆల్బమ్ నాటికి ఒత్తిడి బట్టల మీదికి వచ్చింది. జీన్స్, టీషర్ట్ వద్దు, ఇంకొంచెం మెరుపు, ఇంకొంచెం ఒళ్ళు కనపడాలి అన్నారు. జూన్ మనసు విరిగిపోయింది. 1973లో బయటికొచ్చేసింది. ఆలిస్ కూడా వెళ్ళిపోయింది. వాళ్ళ స్థానంలో సుజీ క్వాట్రో అక్క ప్యాటీ క్వాట్రో గిటార్ మీదికి వచ్చింది, డ్రమ్స్ మీదికి ఎవరొచ్చారనుకుంటున్నారు? బ్రీ. అప్పుడు తప్పించిన బ్రీయే. 1974లో కాసాబ్లాంకా అనే కంపెనీ నుంచి ఐదో ఆల్బమ్. అందులోంచి 'బటర్ బాయ్' అనే పాట 1975లో 29వ స్థానానికి వెళ్ళింది. వాళ్ళ కెరీర్ మొత్తంలో పెద్ద హిట్ అదే. అది హిట్టయ్యే సమయానికి బ్యాండ్ లేదు. విడిపోయారు.

అదే 1975లో ది రనవేస్ మొదలైంది. చూశారా, నేను ఎక్కడ తప్పులో కాలేశానో? ఒకరు కుర్చీలోంచి లేచిన ఏడాదే ఇంకొకరు కూర్చున్నారు, నేను కుర్చీ కొత్తది అనుకున్నాను.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. థంబ్‌నెయిల్ మీద "ప్రపంచంలోనే మొదటి లేడీస్ రాక్ బ్యాండ్" అని పెడదామని మా ఎడిటర్ అన్నాడు. వద్దన్నాను. ఒకసారి కాలింది కదా. ఎందుకంటే ఫ్యానీ కంటే ముందు 'గోల్డీ అండ్ ద జింజర్‌బ్రెడ్స్' ఉన్నారు, 1964లోనే అట్లాంటిక్ అనే పెద్ద కంపెనీ వాళ్ళని తీసుకుంది. కానీ వాళ్ళకి సింగిల్స్ తప్ప పూర్తి ఆల్బమ్ రాలేదు. పెద్ద లేబుల్ మీద పూర్తి ఆల్బమ్‌లు వరసగా తెచ్చిన తొలి మహిళా రాక్ బ్యాండ్‌గా ఫ్యానీ పేరు చెప్తారు. ఐదేళ్ళలో ఐదు. ఈ తేడా చిన్నది అనిపించొచ్చు. కానీ ఫ్యానీకి న్యాయం చేస్తూ గోల్డీ వాళ్ళని తుడిచేస్తే, నేను మళ్ళీ అదే పని చేసినట్టు.

తర్వాత ఏమైంది? ఏమీ కాలేదు, అదే జరిగింది. రికార్డులు షాపుల్లో అయిపోయాయి, మళ్ళీ ప్రింట్ చేయలేదు. రేడియోలో వేయాలంటే ప్లేట్ ఉండాలి కదా. ప్లేట్ లేదు కాబట్టి పాట లేదు, పాట లేదు కాబట్టి పేరు లేదు. 1982లో ది గో గోస్ ఆల్బమ్ అమెరికాలో నంబర్ వన్ అయ్యేసరికి, పేపర్లకి అమ్మాయిల బ్యాండ్ మళ్ళీ కొత్త వింత. 1999లో డేవిడ్ బోవీ, అవును, ఆ డేవిడ్ బోవీయే, రోలింగ్ స్టోన్ పత్రికతో మాట్లాడుతూ ఫ్యానీని పేరు పెట్టి మెచ్చుకున్నాడు. వాళ్ళ కాలంలో అతి మంచి రాక్ బ్యాండ్లలో ఒకటనీ, ఎవరూ తలుచుకోకపోవడం అన్యాయమనీ అన్నాడు. ఆ తర్వాతే, 2002లో, పాత పాటలన్నీ కలిపి నాలుగు సీడీల సెట్ వచ్చింది. ముప్పై ఏళ్ళ తర్వాత.

బోవీ మాటల్లో ఇంకొకటి కూడా ఉంది. వాళ్ళ సమయం కాదు, అంతే అన్న అర్థంలో అన్నాడు. మన భాషలో చెప్పాలంటే, కాలం కలిసిరాలేదు. బోవీ అంటే నాకు చాలా ఇష్టం, కానీ ఈ ఒక్క మాట దగ్గర ఒప్పుకోను. కాలం ఏమైనా తుఫానా, దానంతట అది రావడానికి? 'మలయ్ జాతి' అని చట్టంలో రాసింది ఎవరో కూర్చుని రాశారు. స్టిక్కర్ మీద ఆ మాట ఎవరో మీటింగ్‌లో ఓకే చేశారు. బట్టలు మార్చమని ఎవరో చెప్పారు. మళ్ళీ ప్రింట్ వేయనక్కర్లేదని ఏదో ఆఫీసులో ఎవరో టిక్ పెట్టారు. 1974 అక్టోబర్‌లో చట్టం వచ్చేదాకా అమెరికాలో బ్యాంకులు ఆడవాళ్ళకి అప్పు ఇవ్వాలంటే మొగుడి సంతకమో నాన్న సంతకమో అడగగలిగేవి. యాంప్లిఫైయర్ ఖరీదెంతో, డ్రమ్ కిట్ ఖరీదెంతో బ్యాండ్ పెట్టినవాళ్ళని అడగండి. వీటన్నిటినీ మూటగట్టి "కాలం" అనేస్తే, పాపం ఆ కాలానికి నోరు లేదు, ఎదురు చెప్పదు.

మనింట్లో కూడా వింటూ ఉంటాం కదా ఈ మాట. "మీ అత్తకి వీణ బాగా వచ్చేది, కాలం కలిసిరాలేదు." ఇలాంటిది విన్నప్పుడు ఒకసారి అడగండి, అత్తయ్యా, ఏమైంది అసలు అని. నేను అడిగాను. జవాబులో కాలం లేదు. అమ్మిన వీణ, కొన్న స్కూటర్ ఉన్నాయి.

సరే, వాళ్ళ దగ్గరికే వద్దాం. జూన్ ఊరికే కూర్చోలేదు. మహిళా సంగీతకారుల ఉద్యమంలో పనిచేసింది, రికార్డులు ప్రొడ్యూస్ చేసింది. 1986లో యాన్ హ్యాక్లర్‌తో కలిసి ఇన్‌స్టిట్యూట్ ఫర్ ద మ్యూజికల్ ఆర్ట్స్ అనే సంస్థ మొదలుపెట్టింది. ఇప్పుడది మసాచుసెట్స్ రాష్ట్రంలో గోషెన్ అనే చిన్న ఊళ్ళో ఉంది. అక్కడ అమ్మాయిలకి రాక్ క్యాంపులు పెడతారు. గిటార్ పట్టుకోవడం ఒక్కటే కాదు, సౌండ్, రికార్డింగ్ కూడా నేర్పుతారు. అంటే రేపు స్టేజీ పక్కన మిక్సర్ దగ్గర కూర్చునేది కూడా అమ్మాయే అవ్వొచ్చు. నా సౌండ్ అన్న కథకి అసలైన మందు అక్కడ తయారవుతోంది.

డాక్యుమెంటరీలో బోనీ రైట్, డెఫ్ లెపర్డ్ జో ఎలియట్ లాంటివాళ్ళు వచ్చి ఫ్యానీ గురించి మాట్లాడతారు. రనవేస్ చెరీ కర్రీ కూడా. కానీ నాకు గుర్తుండిపోయింది వాళ్ళు కాదు. జూన్, జీన్, బ్రీ ముగ్గురూ అరవైల చివర్లో మళ్ళీ కలిసి కొత్త ఆల్బమ్ చేస్తారు, పేరు 'ఫ్యానీ వాక్డ్ ద ఎర్త్', 2018లో వచ్చింది. పాటలు పూర్తయ్యాయి, రిలీజ్ దగ్గరపడింది, ఇక టూర్ అనుకుంటున్నారు. అప్పుడు జీన్‌కి స్ట్రోక్ వచ్చింది. కుడి వైపు దెబ్బతింది. బేస్ వాయించే చెయ్యి అది. తీగ మీటే చెయ్యి.

నేను అక్కడ పాజ్ చేసి కాసేపు లేచి తిరిగాను. ఇన్నాళ్ళకి ఎదురుగా తలుపు తెరుచుకుంటే, చెయ్యి ఆగిపోయింది. దీన్ని మాత్రం కాలం మీద వెయ్యొచ్చేమో, ఇది ఏ ఆఫీసులోనూ ఎవరూ రాసింది కాదు. కానీ తర్వాత జరిగింది చూడండి. జీన్ మైక్ వదల్లేదు. అక్క పక్కన పాడుతుంది. ఆమె చేతిలో ఉండాల్సిన బేస్‌ని కొడుకు వాయిస్తాడు. అరవై ఏళ్ళ కింద శాక్రమెంటోలో ఇద్దరు పిల్లలు కలిపిన గొంతులే మళ్ళీ కలుస్తాయి, కాస్త బొంగురుగా.

అదండీ సంగతి. నా పాత ఎపిసోడ్‌ని డిలీట్ చేయలేదు. తప్పు చెప్పిన చోట, 11వ నిమిషం దగ్గర, స్క్రీన్ మీద రెండు పేర్లు వచ్చేలా చేశాం: గోల్డీ అండ్ ద జింజర్‌బ్రెడ్స్, ఫ్యానీ. మెసేజ్ పెట్టిన ఆవిడకి థాంక్స్ చెప్పాను. ఆవిడ రిప్లై కూడా ఒకటే లైను: "బేస్ మళ్ళీ మొదలుపెట్టారా?" తీగలు కొనాలి, పాతవి తుప్పు పట్టాయి. ఉంటాను, నమస్తే.